మొదటి సాలార్జంగు చరిత్రము: కానుకయు కొలువును

మడికొండ మెట్టుగుట్టపై రామలింగేశ్వరుని సేవించి మెట్లు దిగివచ్చు మనవారికి కాజీపేట దెసనుండి రైలుబండి కూత వినబడుచుండును. ఆ యినుపదారి యెట్లు వచ్చినది, దాని ఒడంబడికలవలన ఎవరు లాభపడిరి, ఆ దారిని పోవు బొగ్గు మొదట ఎవరి చేతులు మారినది యను ప్రశ్నలు మనలో పెక్కురకు తోచియుండవు. ఆ ప్రశ్నల వెంట వెనుకకు నడచినచో, హైదరాబాదు సంస్థానమున ముప్పది సంవత్సరములు దివానుగా నుండిన మొదటి సాలార్జంగు జీవితము మన కెదురగును.

కులసంఘ వార్షిక సంచికలో మన కులమునకు చెందని యొక నవాబు చరిత్రమేల యని కొందరు పెద్దలు నన్నడిగిరి. కొలువులో నున్నవాడు ఎవని సొమ్ము తినవచ్చును, ఎవని సొమ్ము ముట్టరాదు అను విషయము ఏ యొక్క కులమునకును ప్రత్యేకమైనది కాదు. మన సంఘము వసతిగృహమునకు స్థలమును, యువకులకు రుణములను కోరి అధికారుల గడప లెక్కుచున్నది. ఎన్నికలు వచ్చినపుడు అభ్యర్థులును మన గడప లెక్కుచున్నారు. కావున ఈ చరిత్రము మనకు దూరమైనది కాదని విన్నవించుచున్నాను.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున రాజద్రవ్యము నపహరించు విధములను నలువదిగా లెక్కించెను. ఆ నలువదిలో పెక్కింటికి పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున హైదరాబాదు నిలయమైయుండెను. మునీరుల్ ముల్కు పేరునకు మాత్రమే దివాను. అధికారమెల్ల పేష్కారగు రాజా చందూలాలు చేతిలో నుండెను. అతడు 1832లో తానే దివానై 1843 వరకు రాజ్యభారమును వహించెను. చందూలాలు దాతయనియు, కవియనియు ప్రసిద్ధుడు. అయినను ఎవరు కోపగించిన వారి నోటిని ధనముతో మూయుట యాతని రాజనీతి. ఆ ధనము రైతునొద్ద దొరకనప్పుడు అప్పుగా తెచ్చెను.

అప్పిచ్చినది విలియం పామర్ కంపెనీ యను కొఠీ. అది 1814 ప్రాంతమున హైదరాబాదున వెలసినది. ఆంగ్లేయప్రజలు దేశీయ సంస్థానాధీశులకు అప్పు లీయరాదని 1797లోనే ఆంగ్లశాసనము కలదు. కాని 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభుత్వము ఈ కొఠీకి ప్రత్యేకముగా అనుమతి నొసగెను. ఆ కొఠీ భాగస్వాములలో నొకడగు సర్ విలియం రంబోల్డు భార్య హేస్టింగ్సు ఇంట పెంపకమున పెరిగినది. హైదరాబాదు రెసిడెన్సీలోని అధికారులు కొందరు లోలోపల ఆ కొఠీలో లాభము గలవారై యుండిరి. తీర్పు చెప్పవలసినవాడు, అప్పిచ్చినవాడు, అనుమతి యిచ్చినవాడు ముగ్గురును ఒకే పంక్తిని భోజనమునకు కూర్చుండిన తరువాత ధర్మమునకు విస్తరి ఎవరు వేయుదురు?

1820లో అరువది లక్షల రూపాయల క్రొత్త అప్పు వ్రాయబడెను. ఆ సంవత్సరాంతమున రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫు లెక్కలు తెప్పించి పరిశీలించెను. అందు చాలభాగము పాతబాకీలే క్రొత్తపేరున వ్రాయబడిన వని కనుగొని, పై వారికి కోపము వచ్చునని యెరిగియు కలకత్తాకు వ్రాసెను. ఆ విచారణ యింగ్లాండువరకు పోయెను. కొఠీ 1824లో దివాలా తీసెను. కాని ఈలోపల దాని బాకీ తీర్చుటకు నిజాము ఏమి విడువవలసి వచ్చెనో చూడుడు. ఉత్తర సర్కారుల కొరకు, అనగా నేటి కోస్తా జిల్లాలలో పెక్కింటికొరకు, ఆంగ్ల కంపెనీ సాలీనా ఏడు లక్షల రూపాయల పేష్కషు నిజామునకు చెల్లించుచుండెను. 1823లో సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఒక్కమారు పుచ్చుకొని ఆ హక్కును నిజాము శాశ్వతముగా వదలుకొనెను. తెలుగుదేశపు సగభాగముపై మిగిలిన యొక్క హక్కు కొఠీవారి బాకీలకింద కరగిపోయెను.

ఆ మీదట నిజాము ఖర్చుతో పోషింపబడుచు ఆంగ్లాధికారుల క్రింద నుండిన కంటింజెంటు సైన్యమునకు జీతబాకీలు పెరిగెను. ఆ బాకీకింద 1853 మే 21వ తేదీ సంధిపత్రముచే బేరారు, రాయచూరు, ధారాశివ ప్రాంతములు ఆంగ్లేయుల స్వాధీనమయ్యెను. సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ ముల్కు మరణించెను. అప్పుడు నిజాము నాసిరుద్దౌలా, మృతుని సోదరపుత్రుడగు ఇరువది నాలుగేండ్ల యువకుని పిలిచి మే నెల చివరిదినమున దివాను గిరి నొసగెను. అతడే మీర్ తురాబ్ అలీఖాను, సాలార్జంగు బిరుదనామము.

ఇతడు 1829 జనవరి 21వ తేదీన బిజాపురమున జన్మించెను. మీర్ ఆలము, మునీరుల్ ముల్కు మొదలగు దివానుల వంశమువాడు. చిన్ననాటనే తండ్రి గతించుటచే పితామహుని, పినతండ్రుల యింట పెరిగెను. పారసీకము, అరబ్బీ, ఆంగ్లము నేర్చెను. యౌవనారంభముననే మన తెలంగాణములోని కొన్ని తాలూకాల వ్యవహారమును కొలదికాలము చూచి, రైతు ఇచ్చినది ఎంత, ఖజానాకు చేరినది ఎంత యను లెక్కను స్వయముగా నెరిగెను. మన సాలార్జంగు మ్యూజియమును 1951లో తెరచినపుడు అందుంచిన వస్తువులలో పెక్కింటిని సేకరించినవాడు ఇతని మనుమడు మూడవ సాలార్జంగు. పేరులు ఒక్కటియగుటచే విద్యార్థులు పొరబడుచున్నారు గనుక ఈ మాట చెప్పితిని.

సాలార్జంగు పదవిని గ్రహించునాటికి ఖజానా శూన్యము. తాలూకాలు గుత్తకు ఇయ్యబడియుండెను. ఎక్కువ పాడినవాడు తాలూకుదారు. వాడు ముందుగా రొక్కము కట్టి, పై వారికి నజరానా లర్పించి, తరువాత రైతునుండి ఆ రెండింటిని వడ్డీతో రాబట్టుకొనును. రేపు మరియొకడు ఎక్కువ పాడినచో నేడు పాడినవాడు పోవును. కావున చెరువుగట్టు తెగినను వానికి పట్టదు. మరికొన్ని తాలూకాలు అరబ్బు, పఠాను జమాదారులయొద్ద అప్పులకింద తాకట్టులో నుండెను. ఈ పద్ధతిలో లంచము అనునది వేరుగా లేదు; కొలువే లంచముపై నిలిచియుండెను. దొంగను పట్టుకొనవలెనన్నచో ముందు దొంగతనమునకును కొలువునకును నడుమ నొక గీత గీయవలెను. ఆ గీతను గీయుటయే సాలార్జంగు జీవితకార్యము.

ఆయన మొదట తాకట్టు పోయిన తాలూకాలను కొంచెము కొంచెముగా విడిపించెను. ఆయుధపాణులగు జమాదారులతో ఒక్కమారు కలహింపక, బాకీల నిర్ణయించి, తీర్చి, భూమిని వెనుకకు తీసికొనెను. పలుచోట్ల ఇష్టమువచ్చినట్లు పోయబడుచుండిన నాణెములను మాన్పి రాజధానియందు సర్కారు టంకశాల పెట్టించెను. ఆదాయమెల్ల ఒక్క ఖజానాకు చేరి, ఖర్చెల్ల ఒక్క ఖజానానుండి పోవునట్లు చేసెను.

అటుపిమ్మట 1865లో జిల్లాబందీ వచ్చెను. సంస్థానము జిల్లాలుగా విభజింపబడి, జిల్లాకు అవ్వల్ తాలూకుదారు, వాని క్రింద దోయం, సోయం తాలూకుదార్లు, తాలూకాకు తహసీలుదారు నియమింపబడిరి. పేరు పాతదే కాని మనిషి క్రొత్తవాడు. పూర్వపు తాలూకుదారు గుత్తదారు. ఈ తాలూకుదారు నెలజీతగాడు. వసూలు పెరిగినను తరిగినను వాని జీతము మారదు. రైతునుండి ధాన్యభాగమునకు బదులు రొక్కము గైకొనుట, భూమిని కొలిపించి శిస్తు నిర్ణయించుట క్రమముగా ఆరంభమాయెను. వసూలు చేయువాడే తీర్పు చెప్పుట తగదని న్యాయస్థానములును, పోలీసు శాఖయు వేరుగా నేర్పడెను. 1868లో న్యాయము, మాల్గుజారి, పోలీసు, ఇతర శాఖలు నలుగురు సదరుల్ మహాములకు పంచియీయబడెను. కొలువునకు చదువు కావలెనని దారుల్ ఉలూమ్ పాఠశాల ముందే స్థాపింపబడియుండెను.

ఇది చదువుటకు సులభముగా నున్నది. కాని తిన్నవాని నోటినుండి ముద్ద లాగుకొనుట ప్రాణాపాయము. 1857 జులై 17వ తేదీన తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగినపుడు సాలార్జంగు ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. అందుకై దేశాభిమానులు ఆయనను నిందించుట న్యాయమే; ఆ నిందను కప్పిపుచ్చుట చరిత్రకారుని ధర్మము కాదు. 1860లో ఆంగ్లేయులు యాబది లక్షల బాకీని రద్దు చేసి రాయచూరును, ధారాశివను తిరిగి యిచ్చిరి. బేరారు మాత్రము వారియొద్దనే నిలిచెను. 1859లో దర్బారునుండి రెసిడెంటుతో కలిసి వెలువడుచుండగా నొకడు ఆయనపై తుపాకి పేల్చెను. 1868లో పండుగదినమున దర్బారునకు పోవుచుండగా మరియొక మారు కాల్పులు జరిగెను. రెండు మారులును దైవికముగా తప్పించుకొని, మరల తన కాగితముల యొద్ద కూర్చుండెను.

అఫ్జలుద్దౌలా 1869లో మరణింపగా, మూడేండ్లు నిండని మహబూబ్ అలీఖాను సింహాసనమునకు వచ్చెను. సాలార్జంగును, అమీరె కబీరు షమ్సుల్ ఉమ్రాయును కలిసి రాజప్రతినిధులైరి. బాలుడగు ప్రభువు, నిండుచున్న ఖజానా, ప్రశ్నించువారు లేని యధికారము. ఇట్టి సమయమున మంత్రి రాజ్యమును తన ఇల్లుగా చేసికొనుట లోకమున సామాన్యము. సాలార్జంగు అట్లు చేయక, సంస్కారములను కొనసాగించెను. వాడీనుండి సికిందరాబాదునకు రైలుదారి 1874లో తెరువబడెను.

1876లో ఆయన ఇంగ్లాండునకు పోయెను. దారిలో పారిసు నగరమున మెట్లపై జారిపడి తొడ యెముక విరుగగా, మోయించుకొని పోవలసిన స్థితిలోనే ఆ దేశమునకు చేరెను. ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవపట్టము నొసగెను. లండను నగరము సత్కరించెను. మర్యాదలు దొరకెను కాని బేరారు దొరకలేదు. బేరారును మాటిమాటికి అడుగుట రెసిడెంటునకు రుచింపక, తరువాతి సంవత్సరములలో ఆయన యధికారమునకు పలు ఆటంకములు కలిగెను. సత్కారము వేరు, న్యాయము వేరు అను సంగతి ఆయనకు అక్కడ తెలిసియుండవలెను.

ఇక ఆయన చేయలేకపోయినవియు చెప్పవలెను. దర్బారున ప్రభువునకు నజరు సమర్పించు ఆచారము ఆయన తరువాతను ఏడవ నిజాము కాలమువరకు సాగెను. పల్లెలలో వెట్టి నిలిచియుండెను. సంచారమునకు వచ్చు అధికారికి కుమ్మరి కుండలు, గొల్ల గొర్రెను, సాలె బట్టను, కోమటి సంబారములను, గౌండ్ల కల్లును, మాదిగ చెప్పులను ఉచితముగా నీయవలసిన దుర్భరస్థితిని మన తాతలు చూచినారు. దానిపై వ్రాతమూలకముగా పోరాడుటకు 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, మాడపాటి హనుమంతరావు వంటి పెద్దలును కావలసివచ్చిరి. అధికారికి జీతము వచ్చిన మాత్రమున కానుక పోదు. కానుక తీసికొనరాదని, ఈయరాదని వేరుగా కట్టుబాటు కావలెను.

మరియొక లోపము దీనికంటె పెద్దది. ఆయన కట్టిన పద్ధతి చాలవరకు ఆయన కంటిచూపుపై ఆధారపడియుండెను. విదేశమునుండి వచ్చిన యొక రాజవంశీయునికి ఆతిథ్య మిచ్చుచున్న దినములలో కలరా సోకి, 1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలార్జంగు ఏబది నాలుగవ ఏట పరమపదించెను. దాయరా మీర్ మోమినులో ఆయన సమాధి యున్నది. ఆ కన్ను మూయబడినతోడనే ఏమి జరిగినదో ఈ రైలుదారియే చెప్పగలదు.

ఆ సంవత్సరముననే రైలుదారిని చాందావైపు పెంచు ఒడంబడిక మాట వెలికివచ్చెను. ప్రజల సొమ్ము హామీగా నుంచుచున్న ఆ కాగితములోని షరతులను బయటపెట్టుడని నగరములోని విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యుడగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, అనగా సరోజినీ నాయుడు గారి తండ్రి, 1883 మే నెలలో సంస్థానమునుండి వెడలగొట్టబడెను. లెక్క అడిగినవాడు దేశభ్రష్టుడాయెను. ఒడంబడిక డిసెంబరులో లండనున ముగిసెను. రైలు 1886లో వరంగల్లు చేరెను.

ఆ రైలు ఒడంబడికను నడిపిన అబ్దుల్ హక్కు, సర్దారు దిలేర్ జంగు, పిమ్మట గనుల వ్యవహారమును చేపట్టెను. 1886లో సంస్థానపు గనుల హక్కు 99 సంవత్సరములకు ఇద్దరు ఆంగ్లేయులకు ఇయ్యబడెను. వారు పది లక్షల పౌనుల మూలధనముతో కంపెనీ స్థాపించి, లక్ష వాటాలలో 85,000 వాటాలను తమ హక్కునకు ప్రతిఫలముగా తామే గైకొనిరి. ఆ వాటాలలో కొన్ని అబ్దుల్ హక్కు చేతికి వచ్చెను. నిజాము ప్రతినిధిగా నున్న అతడే, పది పౌనుల వాటాను పండ్రెండు పౌనుల చొప్పున నిజాము ప్రభుత్వముచేత పదివేల వాటాలు కొనిపించెను. కొన్నవాడును అమ్మినవాడును ఒక్కడే! 1888లో ఈ సంగతి పత్రికలకెక్కెను. అతడు కొలువునుండి తొలగింపబడెను. బ్రిటిషు పార్లమెంటు ప్రత్యేకసంఘము విచారణ చేసెను. మన సింగరేణి బొగ్గుగనులకు ఆరంభకథ యిది. పామర్ కొఠీనుండి అరువది సంవత్సరములు గడచినను రోగము ఒక్కటే: కానుక పొందినవాడు ఎవని పక్షమున కూర్చున్నాడో ప్రజలకు తెలియకుండుట.

సాలార్జంగు చరిత్రమునుండి నేను గ్రహించిన నీతి యిది. మంచి మంత్రి గీత గీయగలడు. ఆ గీత వ్రాతలోను, పదుగురి కంటిలోను లేనిచో అది మంత్రితోనే చెరిగిపోవును.

నేడు వ్రాతకు కొదువ లేదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమునకు 2018లో చేసిన సవరణచే లంచము పుచ్చుకొన్నవాడే కాక ఇచ్చినవాడును ఏడేండ్లవరకు శిక్షార్హుడు. బలవంతముచే ఇచ్చినవాడు ఏడు దినములలో తెలుపవలెను. ఎన్నికలలో శాసనసభాభ్యర్థి వ్యయమునకు మన వంటి రాష్ట్రములలో 40 లక్షలు, లోకసభాభ్యర్థికి 95 లక్షలు 2022 నుండి పరిమితి. ఫలితము వచ్చిన ముప్పది దినములలో లెక్క ఒప్పగింపవలెను. కాని రాజకీయపక్షము తాను చేయు వ్యయమునకు పరిమితి లేదు. దాత పేరు ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్ల పద్ధతిని సర్వోన్నత న్యాయస్థానము 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసినది. 1883లో అఘోరనాథుడు అడిగిన ప్రశ్నయే అక్కడను ఆలకింపబడినది: ఎవరు ఎవరికి ఎంత ఇచ్చిరో మాకు చెప్పుడని.

ఇక నా తప్పును కూడ ఈ సంచికలోనే వ్రాయుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మన విద్యార్థి వసతిగృహ కాగితము ఒక కార్యాలయమున ఆగియుండగా, నేను కోశాధికారిగా నుండి, ఒక అధికారి ఇంటి శుభకార్యమునకు వెండిపళ్లెరము కొని స్వయముగా మోసికొని పోతిని. అతడు అడుగలేదు. నేనే యిచ్చితిని. కాగితము కదలినది. లెక్కలో దానిని మర్యాద ఖర్చు అని వ్రాసితిని. సంవత్సరాంతమున లెక్క చదువుచుండగా వసతిగృహపు విద్యార్థి యొకడు లేచి, మాస్టరుగారూ, మర్యాద ఖర్చు అనగా నేమి అని యడిగెను. నలువది సంధిసూత్రములను ఒక్క ఊపిరిని చెప్పగల నాకు ఆ రెండు పదముల సమాసమునకు విగ్రహవాక్యము చెప్ప నోరు రాలేదు. ఆ పళ్లెరము వెల ఆ పిల్లల భోజనపు పద్దునుండి పోయినది.

కావున మహాసభకు విచ్చేయు పెద్దలకును, పోషకులకును మూడు మనవులు చేయుచున్నాను. మన లెక్కలలో మర్యాద ఖర్చు అను పద్దు ఇకమీద ఉండరాదు. ఏ పక్షపు అభ్యర్థి వచ్చినను సంఘనిధినుండి సంచి ఈయరాదు, వారినుండి పుచ్చుకొనరాదు. ఎవరికి వారు తమ సొంత సొమ్ము చట్టప్రకారము ఇచ్చుకొనవచ్చును. వచ్చు సంవత్సరమునుండి ఈ సంచిక చివరి పుటలలో రాబడి, ఖర్చు, దాతల పేర్లు రూపాయి విడువక అచ్చు వేయవలెను. దీనివలన కొన్ని కాగితములు ఆలస్యమగును. కొందరు పెద్దలకు కోపము వచ్చును. సాలార్జంగు రెండు తుపాకి గుండ్లను తప్పించుకొని పని చేసెను. మనకు వచ్చునది కోపము మాత్రమే.

మన పిల్లలు లేచి అడిగినపుడు నోరు విప్పి సమాధానము చెప్పగల లెక్క మన సంఘమునకు కలుగుగాక.